పదకొండో అధ్యాయంలో ఆవిడ

మొన్న ఇబ్రహీంపట్నంలో మా ఆడపడుచు ఇంట్లో భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, తుడుచుకోవడానికి కొక్కేనికున్న తువ్వాలు అందుకున్నాను. తెల్లటి చేనేత తువ్వాలు. ఉతికి ఉతికి మెత్తబడింది. రెండు కొసలా ఎర్ర అంచు, ఆ ఎర్ర అంచు మధ్యలో ఒకే ఒక్క నల్ల పోగు. తడి చేత్తో అలాగే నిలబడిపోయాను.

“ఈ తువ్వాలు ఎక్కడిది?” అన్నాను.

“అదో పెద్ద కథ వదినా,” అని నవ్వింది మా ఆడపడుచు. “మా ఆయన థర్మల్ స్టేషన్‌లో చేసేటప్పుడు, బస్సులో పక్క సీట్లో ఓ పెద్దాయన కూర్చుని, పేరూ ఊరూ అడిగి, తను రాసిన పుస్తకం సంతకం పెట్టి ఇచ్చాడంట. ఈయన తెచ్చి టీవీ మీద పడేశారు. కొన్నాళ్ళకి ఆ పెద్దాయనే ఇల్లు వెతుక్కుంటా వచ్చి, ‘ఆ పుస్తకంలో లోపం ఉందండీ, వెనక్కి ఇచ్చెయ్యండి’ అని పట్టుకెళ్ళి, బదులు ఇది ఇచ్చి పోయాడు. పిచ్చివాడేమో పాపం. తువ్వాలు మాత్రం బాగా మన్నింది.”

నాకు నవ్వు రాలేదు. చెయ్యి నా చీర కొంగుకే తుడుచుకుని వచ్చేశాను.

ఇలాంటి తువ్వాళ్ళు నాకు కనిపించడం కొత్త కాదు. మా పళ్ళ డాక్టరు గారి గదిలో వాష్ బేసిన్ పక్కన ఒకటి ఉంది. మా పాత ప్రిన్సిపాల్ గారు పొద్దున నడకకి వెళ్ళేటప్పుడు భుజం మీద వేసుకునేది అదే. ఆ నల్ల పోగు కనిపించిన ప్రతి ఇంట్లోనూ ఒకప్పుడు ఒక నవల ఉండేదని అర్థం. అది రాసిన మనిషి పోయి ఇంకా ఏడాది నిండలేదు. ఆ సంగతి తెలియని ఇళ్ళల్లో జనం హాయిగా చేతులు తుడుచుకుంటున్నారు.

ఆ నవల బాగాలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మనవాళ్ళకి మనిషి పోగానే ఆయన రాసిన పుస్తకం కూడా మంచిదైపోయే జబ్బు ఒకటి ఉంది. నాకు లేదు.

నేను ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. బెంజ్ సర్కిల్ నుంచి పటమట వైపు పోయే సందుల్లో ఒకదాంట్లో మా ఇల్లు. బెజవాడలో పుస్తకావిష్కరణ సభలకి ఒక పద్ధతి ఉంది. రచయితే హాలు మాట్లాడుకుంటాడు, శాలువాలు తనే కొని తెచ్చుకుంటాడు, టిఫిన్లు చెప్తాడు. మాట్లాడేవాళ్ళు పుస్తకం చదివి రావాలన్న నియమం లేదు. ఒకరు ముఖచిత్రం గురించి, ఒకరు రచయిత వినయం గురించి, మిగిలినవాళ్ళు తమ సొంత పుస్తకాల గురించి మాట్లాడి దిగిపోతారు. పెళ్ళిపందిట్లో పెళ్ళికూతురికి వంకలు పెట్టం కదా, అలాంటి మర్యాద. నాకు ఆ మర్యాద అబ్బలేదు. చదివి వెళ్తాను, చదివింది చెప్తాను. అందుకని నన్ను పిలవడం ఊళ్ళో ఎప్పుడో మానేశారు.

అలాంటిది ఒకరోజు ఈయన మా గుమ్మంలో నిలబడ్డాడు. పొట్టి మనిషి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చేనేత చొక్కా, జేబులో రెండు పెన్నులు. హనుమాన్ జంక్షన్‌లో చేనేత బట్టల దుకాణం తనదని చెప్పాడు. వాళ్ళది పెడన నుంచి వచ్చిన నేతవాళ్ళ కుటుంబం. విజిటింగ్ కార్డు మీద ‘వస్త్ర వ్యాపారి’ అన్నది చిన్న అక్షరాల్లోనూ, ‘నవలా రచయిత’ అన్నది పెద్ద అక్షరాల్లోనూ ఉంది. అప్పటికింకా నవల అచ్చు కాలేదు.

లోపలికి వస్తూ వస్తూ మా గుమ్మానికున్న కర్టెన్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, తిరగేసి వెనకవైపు చూసి, “మిల్లుదండీ,” అని జాలిపడ్డాడు. ఏది చేతికొచ్చినా అంతే. న్యూస్ పేపరైనా, పెళ్ళి శుభలేఖైనా, మా పక్కింటావిడ ఇచ్చిన పేరంటం సంచైనా, ముందు నలపాలి, తర్వాత తిరగేసి వెనక చూడాలి. ముందువైపు ఎవరైనా బాగానే చూపిస్తారట.

“మీరు చదివి మాట్లాడతారని అందరూ భయపెట్టారండి. అందుకే వచ్చానండి,” అన్నాడు.

“బాగాలేకపోతే బాగాలేదనే అంటాను.”

“అనండి మేడమ్ గారూ. కానీ బాగానే ఉంటది లెండి.”

ఆ నమ్మకం చూసి ముచ్చటేసింది. గుడ్డ మూటలోంచి కాగితాల కట్ట తీసి, కళ్ళు మూసుకుని మొదటి వాక్యం తనే చదివి వినిపించాడు. కాగితం చూడక్కర్లేకుండా ఆయనకి కంఠతా వచ్చు. “ఆమె ముఖారవిందమునందు చిరునగవు అనెడి చంద్రిక విరబూయగా, ఆతని హృదయకుహరములో ఒక జలపాతము పైకి ఎగసెను.”

“జలపాతం కిందికి కదండీ పడేది?”

“ప్రేమలో పైకే అండీ,” అన్నాడు కళ్ళు తెరవకుండా.

నవల పేరు చెప్పను. అందులో వెన్నెల ఉంది, కన్నీరు ఉంది, రెంటికీ మధ్య మూడు చుక్కలు ఉన్నాయి. కథానాయకుడు జమీందారు కొడుకు. నా పుట్టుకలో నేను కృష్ణా జిల్లాలో చూడని రకం జమీందారు. గుర్రమెక్కి గుడివాడ వెళ్ళి వస్తాడు. కథానాయిక అయిదు అధ్యాయాలపాటు పువ్వులు కోసి, మూడు అధ్యాయాలపాటు నిట్టూర్చి, తొమ్మిదో అధ్యాయంలో పేరులేని జ్వరంతో చచ్చిపోతుంది. ఆ చావు పేజీలకి పేజీలు సాగింది. చంద్రుడు ఏడ్చాడు, ఉరుము ఏడ్చింది, దివిసీమలో ఎన్నడూ కనిపించని లేడిపిల్ల ఒకటి వచ్చి మరీ ఏడ్చి వెళ్ళింది. పదో అధ్యాయమంతా దహనం, విలాపం. ఇంతవరకూ మామూలు చెడ్డ నవల. ఇలాంటివి నేను చాలా చదివాను.

పదకొండో అధ్యాయం ఇలా మొదలవుతుంది: ‘మధ్యాహ్నమైంది. అతడు భోజనానికి కూర్చున్నాడు. ఆమె వడ్డించింది.’

ఎవరామె అని వెనక్కి వెళ్ళి వెతికాను. ఆవిడే. పోయినావిడే. ఎలా వచ్చిందన్న మాట లేదు. ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అక్కణ్ణుంచి పుస్తకం చివరిదాకా, ఏ అధ్యాయంలో మధ్యాహ్నమైతే ఆ అధ్యాయంలో వంటింట్లోంచి వచ్చి అన్నం పెట్టి పోతుంది. ఒకచోట ‘మజ్జిగ పులిసింది, పిల్లాడికి పొయ్యకండి’ అని కూడా అంటుంది. నవలంతా జల్లెడ పట్టినా ఇంకెక్కడా పిల్లాడన్నవాడు లేడు. అక్కడ పెన్సిల్‌తో ‘ఎవరీ పిల్లాడు?’ అని రాసుకున్నాను. నిజం చెప్పొద్దూ, దొంగని చేతిసంచితో సహా పట్టుకున్న పోలీసుకి ఉండేంత సంతోషం కలిగింది.

సభ రోజున ముఖచిత్రం వక్త అయ్యాడు, వినయం వక్త అయ్యాడు, సొంత పుస్తకాల వక్తలు అయ్యారు. నా వంతు వచ్చింది. జలపాతం గురించి చెప్పాను. గుర్రం గురించి చెప్పాను. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. చివరికి, “ఈ నవలలో చావుకి కూడా నిలకడ లేదు. తొమ్మిదో అధ్యాయంలో పోయినావిడ పదకొండో అధ్యాయంలో వంకాయ కూర వడ్డిస్తోంది. రచయిత మర్చిపోయినట్టున్నారు గానీ, ఆవిడ చచ్చిపోయింది!” అన్నాను. హాలంతా గొల్లుమంది.

ఆయన వేదిక మీద శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నాడు. నవ్వు సద్దుమణిగాక పక్కకి వంగి, “ఏ పేజీ అండీ?” అని నన్నే అడిగాడు. చెప్పాను. పేజీ తీశాడు. కాగితాన్ని బొటనవేలితో నలుపుతూ చదువుకున్నాడు. పెదవులు కదిలాయి. తర్వాత ఆ పేజీని తిప్పి వెనకవైపు కూడా చూశాడు. అప్పుడు మైకు అడిగి తీసుకున్నాడు.

“మేడమ్ గారు చెప్పింది నిజమేనండి. లోపం ఉంది. మా తాతల కాడ్నించీ మా ఇంట్లో ఒకటే పద్ధతండి. బట్టలో లోపం ఉందని ఎవరైనా వెనక్కి తెస్తే ఎందుకూ ఏంటీ అని అడగం. తీసుకుని వేరేది ఇస్తాం. అంచేత ఈ పుస్తకం తీసుకున్నోళ్ళు టిఫిన్ చేసి వెళ్ళేటప్పుడు దయచేసి బల్ల మీద పెట్టేసి వెళ్ళండి. ముందే తీసుకున్నోళ్ళ ఇళ్ళకి నేనే వస్తాను.”

వినయంలో ఇదో కొత్త రకం అనుకుని జనం చప్పట్లు కొట్టారు. పెసరట్టు తిని, పుస్తకం చంకలో పెట్టుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు.

నా విమర్శ తిన్న రచయితల్ని చాలామందిని చూశాను. ఒకాయన నాతో మాట్లాడటం మానేశాడు. ఒకావిడ నేను సంతానం లేనిదాన్ని కాబట్టి నాకు ప్రేమకథలు అర్థం కావని పత్రికలో రాసింది. ఇంకొకాయన రోడ్డు మీద కనిపిస్తే ఇప్పటికీ అవతలి పేవ్‌మెంట్ ఎక్కుతాడు. సరుకు వెనక్కి తీసుకున్నవాణ్ణి మాత్రం ఈయన్నే చూశాను.

నిజంగానే ఇల్లిల్లూ తిరిగాడు. చేతిలో సంచి, సంచిలో తువ్వాళ్ళు. పుస్తకం తీసుకుని తువ్వాలు చేతిలో పెట్టి, “క్షమించాలండీ, లోపం ఉన్న సరుకు ఇచ్చాను,” అనేవాడట. జనానికి ఈ బేరం తెగ నచ్చింది. ఒకాయన, “రెండో భాగం ఎప్పుడు తెస్తారండీ?” అని కూడా అడిగాడట. వెనక్కి వచ్చిన పుస్తకాల పేజీలు దుకాణంలో చీరల మడతల మధ్య పెట్టడానికి వాడుతున్నాడని విన్నాను. కొత్త చీర మడత విప్పితే లోపల చంద్రుడు ఏడుస్తూ ఉండేవాడన్నమాట.

నా దగ్గరికీ వచ్చాడు. తువ్వాలు బల్ల మీద పెట్టాడు.

“ఇవ్వను,” అన్నాను.

“లోపం ఉందన్నది మీరే కదండీ.”

“బాగాలేదన్నాను. లేకుండా చెయ్యమన్నానా? లోపం లేని పుస్తకం ఒకటి చూపించండి, అప్పుడిస్తాను.” నాకు ఒళ్ళు మండింది. కష్టపడి రాసుకున్నది చింపుకునే మనిషిని చూస్తే నాకు కోపమొస్తుంది, అది ఎంత చెత్త రాత అయినా సరే. తువ్వాలు తీసి అంచు చూపించాను. “మరి ఈ నల్ల పోగు ఏమిటి? ఇది లోపం కాదా?”

ఆయన నవ్వాడు. “దిష్టికండి. మా ఆవిడ పెట్టిన గుర్తు. బట్టయినా మరీ అంత కుదురుగా ఉండకూడదంటది.”

అంటది అన్నాడు. ఇంట్లో ఆవిడ ఉంది కాబోలు, ఈ తిరుగుళ్ళు చూసి ఏం తిడుతోందో అనుకున్నాను. వెళ్ళేటప్పుడు తువ్వాలు మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. మార్పిడి జరగనిదే ఇవ్వకూడదట.

తర్వాత అది అలవాటైపోయింది. బెంజ్ సర్కిల్‌లో బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ వచ్చేవాడు. తువ్వాలు బల్ల మీద పెట్టేవాడు. పుస్తకం అడిగేవాడు. నేను ఇవ్వననేదాన్ని. తర్వాత, దిద్ది రాస్తున్న నవల గురించి చెప్పేవాడు. జలపాతాన్ని కిందికి దించాడు. గుర్రం తీసేసి ఎడ్లబండి పెట్టాడు. లేడిపిల్లని మాత్రం చాలా రోజులు వదల్లేక, ఆఖరికి మేకపిల్లని చేశాడు. గోడ గడియారం పన్నెండు దగ్గరికి వస్తుంటే ఆయనలో కంగారు మొదలయ్యేది. “భోంచేసి వెళ్ళండి,” అంటే, “అమ్మో, వద్దండి, ఇంటికెళ్ళాలి,” అని సంచి అందుకునేవాడు. పోయే బస్సు ఎప్పుడూ ఉంటుంది, అయినా పరుగే. నాలుగు మెతుకులకి అంత ఆరాటమేమిటని నేను ఏడిపించేదాన్ని కూడా.

ఒకరోజు వచ్చి, తువ్వాలు సంచిలోంచి తియ్యకుండానే కూర్చున్నాడు. కాఫీ గ్లాసు చల్లారిపోయింది.

“తీసేశానండి. పదకొండో అధ్యాయం నించీ ఆవిణ్ణి పూర్తిగా తీసేశాను.”

“మంచిది.”

“కానీ ఇల్లు నడవట్లేదండి.”

“అంటే?”

“మధ్యాహ్నమవుతంది. వాడు భోజనానికి కూర్చుంటన్నాడు. ఎవరూ రావట్లేదు. వాడలా కూర్చునే ఉంటన్నాడండి. కథ ముందుకి కదలట్లేదు.”

“వంటమనిషిని పెట్టండి,” అన్నాను. నేనలాంటిదాన్ని. మా వారు పోయిన నెల తిరక్కుండానే ఆయన చొక్కాలన్నీ పంచేసి, ఆయన కుర్చీ కూడా ఎవరికో ఇచ్చేసినదాన్ని. ఖాళీ కుర్చీతో కాపురం ఏమిటని నా ఉద్దేశం.

“పెట్టి చూశానండి. వాడు తినట్లేదు.”

అప్పుడు అనుమానమొచ్చింది. “ఎవరండీ ఆవిడ?”

“మా ఆవిడండి,” అన్నాడు. “పిల్లాడికి మాటలొచ్చే వయసులోనే పోయింది.”

ఇన్నాళ్ళూ ‘అంటది’, ‘చేస్తది’ అని చెబుతుంటే విన్నాను కదా. “మీరు మర్చిపోయి రాశారని సభలో అన్నాను,” అన్నాను.

“మర్చిపోలేదండి. తొమ్మిదో అధ్యాయంలో ఆవిణ్ణి నేనే చంపాను కదండీ, ఎలా మర్చిపోతాను? పదోది అయ్యాక కొన్నాళ్ళు పెన్ను ముట్టలేదు. తర్వాత మళ్ళీ కూర్చుంటే కథలో మధ్యాహ్నమైంది. వాడు కంచం ముందు కూర్చున్నాడు. ఆవిడ వచ్చి వడ్డించేసిందండి. అన్నం గిన్నె పట్టుకుని వచ్చిన మనిషిని పోవే అని ఎలా అంటామండి?”

“అయితే మళ్ళీ పెట్టెయ్యండి. నా మాట వదిలెయ్యండి. నవల మీది.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. మధ్యాహ్నం కరెంటు ఉండదని చెప్పినంత మామూలుగా చెప్పాడు. “ఇంక కుదరదండి. మీరు చెప్పేదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు, ఆవిడ పోయిందని. ఆవిడక్కూడా తెలీదు. మీరు మైకులో చెప్పారు కదండీ. ఇంక రాదు.”

పన్నెండవుతోందని ఆయన లేచి వెళ్ళిపోయాడు. నేను ఒక్కదాన్నే కంచం పెట్టుకుని కూర్చున్నాను.

నేను అన్నది తప్పని ఇప్పటికీ అనుకోను. చనిపోయిన పాత్ర మళ్ళీ వచ్చి వడ్డిస్తే, ఏ విమర్శకుడైనా అదే అనాలి. నాకు దెయ్యాల మీద నమ్మకం కూడా లేదు, ఈ వయసులో కొత్తగా పెట్టుకోను. కానీ ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట మా వంటింటి గుమ్మం వైపు చూడాలంటే జంకు పుట్టేది. అక్కడ ఒకావిడ అన్నం గిన్నె పట్టుకుని, గడప దాటబోతూ, ఏదో మాట విని ఆగిపోయినట్టు ఉండేది. మొహం కనబడేది కాదు. నవల్లో ఆవిడ మొహమంతా చంద్రబింబమే తప్ప ఇంకేం లేదు కదా, నాకు మాత్రం ఎలా కనబడుతుంది? గిన్నె పట్టుకున్న చేతులు మాత్రం తెలిసేవి. వేడికి చీర చెంగు అడ్డం పెట్టి పట్టుకున్న చేతులు.

పుస్తకం తీసి ఆ భాగాలు మళ్ళీ చదివాను. ఆవిడ వచ్చిన చోట చంద్రుడు రాడు. జలపాతాలు ఉండవు. ‘ఉప్పు చూసుకోండి, ఇవాళ చెయ్యి జారింది’ అంటుంది. ‘చొక్కా గుండీ ఊడింది, విప్పి ఇవ్వండి’ అంటుంది. గుర్రమెక్కే జమీందారు కొడుకుతో ఈ మాటలు! ఇది గొప్ప సాహిత్యమని నేను ఇప్పటికీ అనను. కానీ మంచి నవలలు ఎన్నో చదివాను, వాటిల్లో పోయినవాళ్ళెవరూ నా వంటింటిదాకా రాలేదు.

ఆయన ఆఖరిసారి వచ్చినప్పుడు మెట్లెక్కడానికి గోడ పట్టుకున్నాడు. చొక్కా ఇస్త్రీ మాత్రం చెక్కుచెదరలేదు. దిద్దిన నవల పూర్తయిందని గుడ్డలో చుట్టి తెచ్చాడు. కొన్ని పేజీలు అక్కడే చదివాను. ఒక్క తప్పు లేదు. పోయినావిడ పోయినట్టే ఉంది. కథానాయకుడు తీర్థయాత్రలకి వెళ్ళాడు, దానధర్మాలు చేశాడు. పదో అధ్యాయం తర్వాత పుస్తకం పొడుగునా ఎవరూ ఒక్క ముద్ద అన్నం తినలేదు.

“లోపం ఏమీ లేదు,” అన్నాను. అది మెచ్చుకోలు కాదని ఆయనకి తెలిసింది.

దిద్దిన ప్రతిని మళ్ళీ గుడ్డలో చుట్టుకున్నాడు. తర్వాత, “మేడమ్ గారూ, మీ దగ్గరున్న పాతది... ఇవ్వొద్దులెండి. పదకొండో అధ్యాయం ఒక్కసారి చదువుతారా? కంఠతా ఉన్నా, నేను చదువుకుంటే ఆవిడ గొంతు రావట్లేదండి,” అన్నాడు.

లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చాను. గడియారం వైపు చూశాను. పన్నెండు దాటింది. ఆయన సంచి కోసం వెతుక్కోలేదు.

చదవడం మొదలుపెట్టాను. ముప్ఫై ఏళ్ళు క్లాసుల్లో పద్యాలు చదివిన గొంతుని మూడో వాక్యం దగ్గర తగ్గించుకున్నాను. ఆయన కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తల కొంచెం వంచి, తన ముందున్న బల్ల వైపే చూస్తున్నాడు. నేను చదువుతూనే ఉన్నాను. వంకాయ కూర అయింది, పప్పుచారు అయింది. ‘ఇంకొంచెం పెట్టనా?’ అంది ఆమె, అన్నచోట ఆయన చెయ్యి చాపి, లేని కంచానికి అడ్డం పెట్టాడు.

“చాలు,” అన్నాడు.

నాతో కాదు.

నేను ఆగిపోయాను. ఆయన కాసేపటికి తల ఎత్తి, మంచినీళ్ళు అడుగుతాడనుకుంటే, మజ్జిగ ఉందా అని అడిగాడు. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఆయన కాఫీ కాక ఇంకేమైనా తీసుకున్నది అదొక్కసారే. తాగి, సంచిలోంచి తువ్వాలు తీసి బల్ల మీద పెట్టి లేచాడు.

“నేను పుస్తకం ఇవ్వలేదుగా,” అన్నాను.

“ఉంచండి. లోపం ఉన్న బట్ట మేం అమ్మం గానీ, పారెయ్యమండి. ఇంట్లో వాడుకుంటాం,” అన్నాడు.

తర్వాత కొన్ని వారాలకి పోయాడని ఫోనొచ్చింది. ఆ తువ్వాలు నేను వాడలేదు. పుస్తకానికి చుట్టి పెట్టాను.

ఈమధ్య వాళ్ళబ్బాయి వచ్చాడు. దుకాణం ఇప్పుడతనే చూసుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి. తండ్రిలా కర్టెన్ నలపలేదు గానీ, నేను చూపించిన వాళ్ళ నాన్నగారి పాత విజిటింగ్ కార్డుని తిప్పి వెనకవైపు చూశాడు.

“నాన్నగారి సంవత్సరీకానికి నవల మళ్ళీ అచ్చు వేయిద్దామనుకుంటన్నామండి. ఆయన దిద్దిన ప్రతి ఉంది. మీరు ముందుమాట రాయాలండి.”

“మీ నాన్నగారు పాత పుస్తకాలన్నీ వెనక్కి తీసుకున్నారు, తెలుసా?”

“తెలుసండి. ఇంట్లో ఒక్కటి కూడా లేదు. నేనెప్పుడూ చదవలేదండి, నాకు నవలలు అలవాటు లేదు.” ఆగి, “ఇంట్లో ఎవరి చేతా వడ్డించుకునేవారు కాదండి నాన్న. మా ఆవిడ వడ్డిస్తానన్నా వద్దనేవారు. కంచం పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుని, తర్వాత తనే పెట్టుకునేవారు,” అన్నాడు. ఎందుకు చెప్పాడో అతనికే తెలియనట్టుంది.

తువ్వాలు విప్పి, పుస్తకం అతని చేతిలో పెట్టి, పదకొండో అధ్యాయం తీసిచ్చాను. అతను నిలబడే చదవడం మొదలుపెట్టాడు. తర్వాత కూర్చున్నాడు. వేలు ఒకచోట ఆగింది. నా పెన్సిల్ గీత. ‘ఎవరీ పిల్లాడు?’

“మీరే అనుకుంటాను,” అన్నాను.

అతను చాలాసేపు ఆ వాక్యం మీదనుంచి వేలు తియ్యలేదు. “అమ్మది ఫొటో ఒకటి ఉందండి. మాట ఎలా ఉంటదో నాకు గుర్తులేదు,” అన్నాడు. “పులిసిన మజ్జిగ నాకు ఇప్పటికీ పడదండి.”

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి మొహం తుడుచుకుని కూర్చుని ఉన్నాడు. తుడుచుకున్నది ఆ తువ్వాలుతోనే.

“దిద్దిన ప్రతిలో ఈవిడ లేదు,” అన్నాను. “ఈ పాతదే వెయ్యండి.”

“లోపం ఉన్నదని నాన్న వద్దన్నారు కదండీ. జనం నవ్వరా?”

“నవ్వుతారు. ముందుమాట కింద నా పేరు ఉంటుంది, నన్ను చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి.”

ముందుమాట రాశాను. నవల బాగాలేదనే రాశాను. పదకొండో అధ్యాయం నుంచి నెమ్మదిగా చదవమని రాశాను. అంతకుమించి ఏం రాయాలో నాకు తెలియలేదు. పుస్తకం వన్ టౌన్‌లో ఒక ప్రెస్‌కి చేరింది.

నిన్న మధ్యాహ్నం కంచం పెట్టుకుని కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. ప్రెస్‌లో కంపోజింగ్ చేసే ఆవిడ. వెనక మిషన్లు తిరుగుతున్నాయి, ఆ రొదలో గొంతు చించుకుని అరుస్తోంది. చెయ్యి ఖాళీ లేక స్పీకర్ పెట్టాను. ఆ మాట మా ఇల్లంతా మోగింది.

“మేడమ్ గారూ! ఈ నవల్లో పెద్ద తప్పుందండీ! ఎవరూ చూసుకున్నట్టు లేరు! తొమ్మిదో అధ్యాయంలో ఆవిడ చచ్చిపోయిందండీ! పదకొండులో మళ్ళీ వచ్చి అన్నం...”

చటుక్కున స్పీకర్ ఆపి, ఫోన్ చెవికి ఆనించుకుని, వంటింటి గుమ్మం వైపు చూశాను.

“మెల్లగా మాట్లాడమ్మా,” అన్నాను. “ఆవిడ వింటుంది.”